బాణం తీసే చెయ్యి, బాణాన్ని చదివే కన్ను

మూడేళ్ల కిందట నా స్నేహితురాలికి రెండో పాప పుట్టింది. పదో రోజున డాక్టరు ఒక కాగితం చేతిలో పెట్టి రెండు సంగతులు చెప్పారు. పాపకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉన్నాయి, అంటే డౌన్ సిండ్రోమ్. గుండె గదుల మధ్య గోడలో కంత ఉంది, కొన్ని నెలలు ఆగి ఆపరేషన్ చెయ్యాలి.

చూడ్డానికి వచ్చినవాళ్లలో మా ధ్యానం గ్రూపు పెద్దావిడ ఒకరున్నారు. చాలా మంచి మనిషి. పాప తల నిమిరి, "బాధపడకమ్మా, ఏ జన్మలో కర్మో, ఇలా తీర్చుకుంటోంది" అన్నారు. ఓదార్చాలనే అన్నారు. ఆవిడ వెళ్లిపోయాక నా స్నేహితురాలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, మీ బుద్ధుడు కూడా ఇదే చెప్పాడా?" అంది.

"లేదు, ఆయన అలాంటివి చెప్పడు" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆమె క్రైస్తవురాలు. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పే మనిషిని, పదిహేనేళ్లుగా తెల్లవారుజామున ధ్యానానికి కూర్చుంటున్నదాన్ని. మతాల గురించి మేమిద్దరం వాదించుకున్నది తక్కువ. ఆ ప్రశ్న మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. నా బౌద్ధం నేను చెప్పే సైన్సుతో కలుస్తుందా, ఆమె క్రైస్తవంతో కలుస్తుందా అన్నవి కూడా దాని వెనకాలే వచ్చాయి. ఆ రాత్రే పుస్తకాలు ముందేసుకున్నాను.

బుద్ధుడి ఉపదేశాల్ని కూర్చిన మజ్ఝిమనికాయంలో చూళ కమ్మవిభంగ సుత్తం అని ఒక ఉపదేశం ఉంది. సుభుడనే యువకుడు బుద్ధుణ్ణి అడుగుతాడు. మనుషుల్లో కొందరు త్వరగా పోతారు, కొందరు చాలాకాలం బతుకుతారు. కొందరు రోగిష్ఠులు, కొందరు ఆరోగ్యంగా ఉంటారు. కొందరికి తెలివి ఉంటుంది, కొందరికి ఉండదు. ఎందుకిలా? జవాబు సూటిగా ఉంది. ప్రాణుల్ని చంపినవాడు మళ్లీ మనిషిగా పుడితే అల్పాయుష్కుడవుతాడు. చేత్తోనో రాయితోనో కర్రతోనో కత్తితోనో ప్రాణుల్ని హింసించినవాడు రోగిష్ఠి అవుతాడు. ఏది మంచో ఏది చెడో శ్రమణుల్ని, అంటే సన్యాసుల్ని, అడిగి తెలుసుకోనివాడు మందబుద్ధి అవుతాడు. అంటే ఆ పెద్దావిడ సొంతంగా కల్పించి చెప్పిందేమీ లేదు. అబద్ధం చెప్పింది నేను.

ఆ అబద్ధం అంత తేలిగ్గా నా నోట ఎలా వచ్చిందా అని చాలా రోజులు ఆలోచించాను. బౌద్ధం మతం కాదు, మనసు గురించిన సైన్సు అని నేను నమ్ముతూ వచ్చాను. సైన్సుకు అడ్డొచ్చే మాట ఏదైనా కనిపిస్తే అది తర్వాతివాళ్లు చేర్చినదై ఉంటుందిలే అని పక్కన పెట్టేసేదాన్ని. అందుకు నా దగ్గర రెండు కొటేషన్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఒకటి కాలామ సుత్తం. "విన్నావు కదా అని నమ్మకు, గ్రంథంలో ఉంది కదా అని నమ్మకు, నీ బుద్ధికి సరిపడితేనే నమ్ము" అని ఫోన్లలో తిరుగుతుంటుంది. అసలు సుత్తం తెరిచి చూస్తే, నమ్మకానికి ఆధారంగా సరిపోనివాటి జాబితాలో విన్న మాట, సంప్రదాయం, గ్రంథాలతో పాటు తర్కం, అనుమానం కూడా ఉన్నాయి. మరి గీటురాయి ఏమిటి? ఈ పని లోభాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని పెంచుతోందా, కీడు చేస్తోందా, జ్ఞానులు దీన్ని తప్పుపడతారా అని మీరే చూసుకోండి అంటాడాయన. ఇది నడవడికకు పెట్టిన పరీక్ష, గొప్ప పరీక్ష. నక్షత్రాల దూరాలకో జీవకణాల పుట్టుకకో దీన్ని పెట్టలేం.

రెండోది ఐన్‌స్టీన్ పేరుతో తిరిగే మాట. ఆధునిక విజ్ఞానానికి సరితూగే మతం ఏదైనా ఉంటే అది బౌద్ధమేనని ఆయన అన్నట్టు చెబుతారు. ఆయన రాతల్లో ఆ మాట ఎక్కడా దొరకదు. 1930లో ఆయన రాసిన ఒక వ్యాసంలో మాత్రం విశ్వాన్ని చూసి కలిగే ఒకరకమైన మతభావన గురించి ఉంది. ఆ భావన దావీదు కీర్తనల్లో, కొందరు ప్రవక్తల మాటల్లో మొదలైందని, బౌద్ధంలో ఇంకా బలంగా ఉందని అన్నారు. బౌద్ధాన్ని సైన్సుతో పోల్చలేదు. పైగా బైబిలును పక్కనే పెట్టుకుని మాట్లాడారు. మనం దావీదును కత్తిరించేసి బుద్ధుణ్ణి మాత్రం ఉంచుకున్నాం.

ఈ కత్తిరింపు ఈనాటిది కాదు. 19వ శతాబ్దంలో సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, మిషనరీలు బౌద్ధాన్ని మూఢనమ్మకమని, విగ్రహారాధన అని దుయ్యబట్టేవాళ్లు. దానికి జవాబుగా 1873లో పానదుర అనే ఊళ్లో మిగెట్టువత్తె గుణానంద అనే భిక్షువు పాస్టర్ డేవిడ్ డి సిల్వాతో వేలమంది ముందు వాదానికి దిగాడు. ఆ వాదం ఇంగ్లీషులో అచ్చయి అమెరికా దాకా వెళ్లింది. దాన్ని చదివిన హెన్రీ ఆల్కాట్ అనే మాజీ కల్నల్ 1880లో సిలోన్‌కు వచ్చి, గాలె పట్టణంలో పంచశీలం తీసుకుని బౌద్ధుడయ్యాడు. మరుసటి ఏడాది, క్రైస్తవ పిల్లలకు మతం నేర్పే ప్రశ్నోత్తరాల పుస్తకం పద్ధతిలోనే బౌద్ధానికి ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం రాశాడు. తర్వాతి కూర్పుల్లో బౌద్ధం, సైన్సు అని ఒక భాగమే చేరింది. ఆయన శిష్యుడు అనగారిక ధర్మపాల 1893లో షికాగో సర్వమత సభకు వెళ్లి అదే బాణీలో మాట్లాడాడు.

వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. పాలకుల మతం నెత్తినెక్కి కూర్చుంటే, ఆ పాలకులే గౌరవించే సైన్సును ఆయుధంగా అందుకోవడం ఎవరైనా చేసే పనే. కాకపోతే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. బౌద్ధం సైన్సుతో కలుస్తుందా, క్రైస్తవంతో కలుస్తుందా అని మనం రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. పుట్టినప్పుడు అవి ఒకటే. "మాది సైన్సుతో కలుస్తుంది" అనే మాటకు అప్పట్లో అసలు అర్థం "మీ క్రైస్తవం కలవదు" అని. ఆ పోట్లాట అయిపోయి నూరేళ్లు దాటింది, మాట మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఆ ఆయుధం చేతికి రాకముందు సంగతి ఎలా ఉండేదో చూడాలంటే జపాన్‌కు వెళ్లాలి. వసుబంధుడనే పాతకాలపు బౌద్ధ పండితుడు రాసిన అభిధర్మకోశం ప్రకారం లోకం మధ్యలో మేరు పర్వతం ఉంది, నీటి మీద ఎత్తు 80 వేల యోజనాలు. చుట్టూ నాలుగు ద్వీపాలు, మనది జంబూద్వీపం. యూరప్ ఖగోళశాస్త్రం జపాన్‌లోకి వస్తుంటే ఫుమోన్ ఎంట్సు అనే భిక్షువు 1810లో పెద్ద గ్రంథం రాసి, లెక్కలతో సహా మేరువునే నిలబెట్టాలని చూశాడు. ఆయన దారిలో నడిచినవాళ్లు మేరువు చుట్టూ సూర్యచంద్రులు తిరిగే యంత్రాలు కూడా చేయించారు. ఎంట్సును చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. తన గ్రంథం ఏం చెప్పిందో దాన్నే చెప్పాడు, నాలాగా సగం దాచలేదు.

ఇక బాణం సంగతి. నా ఆలోచనను తలకిందులు చేసింది ఇదే.

మాలుంక్యపుత్తుడనే భిక్షువు బుద్ధుణ్ణి నిలదీస్తాడు. లోకం శాశ్వతమా కాదా? దానికి అంతు ఉందా లేదా? జీవమూ శరీరమూ ఒకటేనా? తథాగతుడు, అంటే బుద్ధుడు, చనిపోయాక ఉంటాడా ఉండడా? వీటికి జవాబు చెబితే ఉంటాను, లేకపోతే సన్యాసం వదిలేసి పోతాను అంటాడు. బుద్ధుడు విషబాణం తగిలిన మనిషి కథ చెబుతాడు. బంధువులు వైద్యుణ్ణి తీసుకొస్తారు. గాయపడినవాడు బాణం తియ్యనివ్వడు. కొట్టినవాడు క్షత్రియుడా, బ్రాహ్మణుడా, వైశ్యుడా, శూద్రుడా చెప్పండి అంటాడు. పొడుగా, పొట్టా? నల్లనివాడా, చామనఛాయా? ఏ ఊరు? వింటినారి జిల్లేడు నారతో పేనిందా, నరంతో చేసిందా? బాణానికి కట్టిన ఈకలు రాబందువా, కొంగవా, నెమలివా? ఈకల్ని బిగించిన నరం ఎద్దుదా, గేదెదా, కోతిదా? ఇవన్నీ తెలిసేలోపు వాడు చచ్చిపోతాడు.

ఈ కథను నేను క్లాసులో కూడా చెప్పాను, బుద్ధుడు ఎంత సైంటిఫిక్‌గా ఆలోచించేవాడో చూడండి అని. ఇప్పుడు ఆ గాయపడినవాడి ప్రశ్నల్ని మళ్లీ చదవండి. నారి ఏ మొక్కది, ఈక ఏ పక్షిది, నరం ఏ జంతువుది? అవన్నీ సైన్సు అడిగే ప్రశ్నలే. మాలుంక్యపుత్తుడు అడిగిన మొదటి రెండూ, లోకానికి మొదలుందా, అంతుందా అన్నవి, ఈనాడు టెలిస్కోపులు పెట్టి వెతుకుతున్నవే. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లని లెక్క తేల్చిన శాస్త్రం ఆ ప్రశ్నల్ని పట్టుకునే పుట్టింది. బుద్ధుడు వాటిని తప్పని అనలేదు. వాటికి జవాబు దొరికినా దొరక్కపోయినా పుట్టుక ఉంది, ముసలితనం ఉంది, చావు ఉంది, శోకం ఉంది, నేను చెప్పేది వాటిని పోగొట్టే దారి అన్నాడు. ఆయన వైద్యుడు. ఆయన చెయ్యి బాణం మీద ఉంది. సైన్సు కన్ను కూడా ఆ బాణం మీదే ఉంటుంది, కానీ అది ఈకను చదువుతుంది.

చదవడం తక్కువ పనేమీ కాదు. ఈకను చదవబట్టే మా పాప గుండెలో కంత ఎక్కడుందో తెలిసింది. డౌన్ సిండ్రోమ్‌కు మూడో 21వ క్రోమోజోము కారణమని 1959లో పారిస్‌లో తేలింది. మార్త్ గోతియే, జెరోమ్ లెజ్యూన్, రేమండ్ తుర్పాన్ ఆ పని చేశారు. అంతకుముందు ఇలాంటి పిల్లల తల్లులు ఎవరెవరి నుంచి ఎన్ని మాటలు పడ్డారో ఊహించుకోవచ్చు. ఆ తెలివి ఏ ధ్యానంలోంచీ రాలేదు, కణాల్ని పెంచి, అద్దాల కింద పెట్టి, లెక్కపెట్టడం వల్ల వచ్చింది.

ధ్యానంలోంచి భౌతికశాస్త్రం వస్తుందని చెప్పడం కూడా విన్నాను. నేను వెళ్లిన ఒక శిబిరంలో సాయంత్రం ఉపన్యాసంలో, శరీరంలో ప్రతి అణువూ రెప్పపాటులో కోట్లసార్లు పుట్టి గిడుతోందని, బుద్ధుడు కళ్లు మూసుకుని చూసినదాన్నే సైంటిస్టులు ఇప్పుడు యంత్రాలతో కనుక్కున్నారని చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేనూ ఊపాను, అది నాకిప్పటికీ బాధగా ఉంది. ఎందుకంటే ఫిజిక్స్ అలా చెప్పదని నాకు తెలుసు. జపాన్‌లో ఒక కొండ కింద 50 వేల టన్నుల నీళ్లు నింపి, అందులో ఒక్క ప్రోటాన్ అయినా విచ్ఛిన్నమవుతుందేమోనని 1996 నుంచి కాపు కాస్తున్నారు. ఇంతవరకు ఒక్కటీ కనిపించలేదు. ఎక్కువగా అనుమానించిన మార్గంలో చూస్తే ప్రోటాన్ ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకు పైమాటే. బౌద్ధంలోని క్షణికవాదం చాలా లోతైన ఆలోచన. అనుభవం ఎలా జారిపోతుందో, పట్టుకున్నది ఎలా నిలవదో చెప్పడంలో దాన్ని మించింది లేదు. దానికి ప్రోటాన్ల సాక్ష్యం అక్కర్లేదు, అడిగితే ప్రోటాన్లు ఎదురు సాక్ష్యం చెబుతాయి కూడా.

ఈ విషయంలో నాకు దారి చూపించింది ఒక కాథలిక్ ఫాదర్. బెల్జియంకు చెందిన జార్జ్ లెమెత్ర్, విశ్వం ఒక ఆది అణువులోంచి విస్తరించిందని 1931లో ప్రతిపాదించిన శాస్త్రవేత్త. 1951లో పోప్ 12వ పయస్, సైన్సు సృష్టికి సాక్ష్యం చెబుతోందన్నట్టు ప్రసంగించారు. లెమెత్ర్ సంతోషించలేదు. తన సిద్ధాంతం దేవుడున్నాడని గానీ లేడని గానీ చెప్పదని, దాన్ని అలా వాడొద్దని చెప్పి పంపారు. రోజూ పూజ చేసే ఫాదర్ ఆయన. తన మతానికి ఉచితంగా దొరికిన పొగడ్తను వద్దన్నారు.

అయితే బౌద్ధానికీ సైన్సుకీ నిజంగా కలిసేది ఏమీ లేదా? ఉంది. బుద్ధులు పుట్టినా పుట్టకపోయినా ఈ ధర్మం ఉంటుంది, అన్నీ అనిత్యాలు, అన్నీ అనాత్మలు అని ఒక సుత్తం చెబుతుంది. న్యూటన్ పుట్టకపోయినా రాయి కిందే పడేది, ఇదీ అలాంటి మాటే. చెప్పినవాడి మీద కాక, చెప్పినదాని మీద నిలబడటం అనే గుణం రెండింటికీ ఉంది. మెదడులో "నేను" కూర్చునే కుర్చీ ఏదీ దొరకలేదన్న విషయంలోనూ పోలిక ఉంది. ధ్యానం మీద పరిశోధనలు కూడా జరిగాయి. 2014లో 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి చూసిన ఒక సమీక్ష ఆందోళన, డిప్రెషన్, నొప్పి కొంతవరకు తగ్గుతున్నాయని చెప్పింది. వ్యాయామం, మందులు లాంటి ఇతర చికిత్సల కంటే ధ్యానం మెరుగని మాత్రం తేలలేదు. చిన్నదే అయినా నికరమైన ఫలితం. దుఃఖం పూర్తిగా ఆరిపోతుందన్న బుద్ధుడి మాటను కొలిచే ప్రయోగం ఏదీ లేదు.

పునర్జన్మ దగ్గర దారులు విడిపోతాయి. దలైలామా 2005లో రాసిన పుస్తకంలో, బౌద్ధం చెప్పినది తప్పని సైన్సు రుజువు చేస్తే దాన్ని వదులుకోవాలన్నారు. మేరు పర్వతాన్ని వదులుకున్నారు కూడా. అంత పెద్ద ఆచార్యుడు అంత సూటిగా అనడం చిన్న సంగతి కాదు. చైతన్యం పదార్థంలోంచే పుడుతుందన్నదాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే పునర్జన్మ నిలవదు. మిళిందపన్హ అనే పాత బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు దీనికి దీపం పోలిక చెబుతాడు. ఒక దీపంతో మరో దీపం వెలిగిస్తే మొదటిదానిలోంచి ఏదీ రెండోదానిలోకి పోదు, అయినా మంట సాగుతుంది. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన పోలిక. కానీ వెలిగించాలంటే ఒక మంట రెండో వత్తిని తాకాలి. చావుకీ పుట్టుకకీ మధ్య ఏది దేన్ని తాకుతోందో ఇంతవరకు ఎవరూ చూపించలేదు. పునర్జన్మను తీసేస్తే మిగిలేది బౌద్ధమేనా అంటే, చాలావరకు కాదు. చావుతోనే అన్నీ ముగిసేటట్టయితే సంసారం నుంచి విముక్తి కోసం ఇల్లు వదిలి రావాల్సిన పని ఎవరికీ లేదు. నేనైతే ఆ తలుపు మూసెయ్యలేదు, తెరిచి ఉందని ఎవరికీ చెప్పను.

నా స్నేహితురాలి దగ్గరికి వారం తర్వాత వెళ్లి, నీకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. సుత్తం చదివి వినిపించాను. దానితో పాటు ఇంకొకటి తీసుకెళ్లాను. సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుడితో, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమేనని కొందరంటారు, తమరేమంటారు అని అడుగుతాడు. కొన్ని బాధలు పిత్తం వల్ల వస్తాయి, కొన్ని శ్లేష్మం వల్ల, కొన్ని వాతం వల్ల, కొన్ని ఆ మూడూ కలిసి, కొన్ని రుతువు మారడం వల్ల, కొన్ని జాగ్రత్త లేకపోవడం వల్ల, కొన్ని దెబ్బ తగలడం వల్ల, కొన్ని కర్మ వల్ల అంటాడు బుద్ధుడు. అంతా పూర్వకర్మే అనేవాళ్లు తమకు తెలిసినదాన్ని, లోకం ఎరిగినదాన్ని దాటి మాట్లాడుతున్నారని కూడా అంటాడు. ఎనిమిది కారణాల్లో కర్మ ఒక్కటి. రెండు సుత్తాలూ ఒకే పిటకంలో ఉన్నాయి. సుభుడికి చెప్పినదాన్ని దాచను. సీవకుడికి చెప్పినదాన్ని పట్టుకుంటాను.

ఆమె విని, లోపలికి వెళ్లి బైబిలు తెచ్చింది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడుగుతారు, ఇలా పుట్టడానికి పాపం చేసింది వీడా, వీణ్ణి కన్నవాళ్లా అని. వీడూ కాదు, వీణ్ణి కన్నవాళ్లూ కాదు అంటాడు యేసు. పాప పుట్టిన దగ్గర్నుంచి రోజూ అదే చదువుకుంటున్నానంది. ఆ వాక్యంలో రెండో సగం నాకు మింగుడుపడదు. దేవుడి పనులు వీడిలో వెల్లడి కావడానికే ఇలా పుట్టాడని ఉంది. ఆ మాటే ఆమెతో అన్నాను. "నాకూ కొన్ని రోజులు పడదు" అంది. "మొదటి సగం చాలు ఈ రోజుకి."

బౌద్ధం, క్రైస్తవం ఒకటేనని నిరూపించడానికి కూడా చాలామంది శ్రమపడ్డారు. యేసు చిన్న వయసులో భారతదేశం వచ్చి చదువుకున్నాడని చెప్పే గ్రంథాన్ని లదాఖ్‌లోని హేమిస్ మఠంలో చూశానని 1894లో నొటోవిచ్ అనే రష్యన్ రాశాడు. మరుసటి ఏడాదే ఒక ప్రొఫెసర్ హేమిస్‌కు వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథమేదీ ఇక్కడ లేదని ప్రధాన లామా చెప్పాడు. అది కట్టుకథ, ఇప్పటికీ చలామణిలో ఉంది. నిజంగా జరిగిన కథ దానికంటే అందంగా ఉంటుంది. రాజకుమారుడు రోగిని, ముసలివాణ్ణి, శవాన్ని చూసి రాజ్యం వదిలిన బుద్ధుడి కథ పర్షియా, అరబ్బు దేశాలు, జార్జియా మీదుగా యూరప్ చేరింది. బోధిసత్వ అనే మాట అరబిక్‌లో బూదాసఫ్ అయి, ఒక చుక్క తేడాతో యూదాసఫ్ అయి, చివరికి జోసఫాత్ అయింది. నవంబరు 27న ఆయన్ను కాథలిక్కులు పునీతుడిగా తలుచుకునేవాళ్లు. ఆ పునీతుడు గౌతముడేనని 19వ శతాబ్దంలో గానీ పండితులు గట్టిగా చెప్పలేకపోయారు.

కథ ప్రయాణం చేసినంత తేలిగ్గా సిద్ధాంతం ప్రయాణం చెయ్యదు. ఫ్రాన్సిస్ జేవియర్ అనే కాథలిక్ మిషనరీ 1549లో జపాన్ చేరినప్పుడు దేవుడికి జపనీస్ మాట ఏదని తన దుబాసీని అడిగి, "దైనిచి" అని వాడాడు. షింగోన్ అనే బౌద్ధ శాఖ భిక్షువులు సంబరపడ్డారు, ఎందుకంటే దైనిచి వాళ్ల మహావైరోచన బుద్ధుడు. రెండేళ్లకు సంగతి తెలిసి, దైనిచిని కొలవొద్దని అదే వీధుల్లో చెప్పించాల్సి వచ్చింది. ఆ తర్వాత నుంచి లాటిన్ మాట "దేయుస్"నే వాడారు. సృష్టికర్త అనే చోటు బౌద్ధంలో ఊరికే ఖాళీగా ఉండిపోలేదు, దాన్ని కావాలనే తీసేశారు. కేవట్ట సుత్తంలో ఒక భిక్షువు, పంచభూతాల్లో నాలుగు ఎక్కడ శేషం లేకుండా ఆగిపోతాయని అడుగుతూ దేవలోకాలన్నీ తిరిగి మహాబ్రహ్మ దగ్గరికి వెళ్తాడు. నేను బ్రహ్మను, సృష్టికర్తను, సర్వం ఎరిగినవాణ్ణి అంటాడు బ్రహ్మ. నేను అడిగింది అది కాదు అంటాడు భిక్షువు. మూడోసారి అడిగేసరికి బ్రహ్మ అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి, ఈ దేవతలంతా నాకు తెలియనిది లేదనుకుంటున్నారు, అందుకే వాళ్ల ముందు చెప్పలేదు, నాకూ తెలియదు, వెళ్లి బుద్ధుణ్ణి అడుగు అంటాడు. "భూమ్యాకాశాల సృష్టికర్తను నమ్ముతున్నాను" అని ప్రతి ఆదివారం పలికే మనిషికి ఈ కథ వినిపించి, మన రెండూ ఒకటే అనడం మర్యాద కాదు.

కృప విషయంలో తేడా ఇంకా లోతు. రెండు మతాల్లోనూ తప్పిపోయిన కొడుకు కథ ఉంది. లూకా సువార్తలో కొడుకు ఆస్తంతా తగలేసి, పందుల దగ్గర ఆకలితో కూర్చుని, తండ్రితో చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటాడు. నీ కొడుకుననిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని చెప్పాలనుకుంటాడు. తండ్రి దూరం నుంచే చూసి పరిగెత్తుకొచ్చి మెడ కౌగిలించుకుంటాడు. కొడుకు మాట మొదలుపెడతాడు, ఆ కూలి మాట దాకా తండ్రి రానివ్వడు. సద్ధర్మ పుండరీక సూత్రంలో కొడుకు యాభై ఏళ్లు దేశాలు పట్టి తిరిగి, తెలియకుండానే తండ్రి భవనం ముందుకొస్తాడు. ఆ వైభవం చూసి హడలిపోతాడు. పట్టుకు రమ్మని మనుషుల్ని పంపితే భయంతో స్పృహ తప్పుతాడు. అప్పుడు తండ్రి తానెవరో చెప్పకుండా, చిరిగిన బట్టల మనుషుల్ని పంపి పేడ ఎత్తే కూలికి పిలిపిస్తాడు. తన నగలు తీసేసి, మాసిన బట్టలు కట్టుకుని, చేతిలో చెత్త ఎత్తే పార పట్టుకుని కొడుకు పక్కన నిలబడతాడు. ఇరవై ఏళ్లు. కొడుకు మనసు మెల్లగా పెద్దదయ్యాక, చావు దగ్గరపడ్డప్పుడు, అందరినీ పిలిచి వీడు నా కొడుకు అంటాడు.

ఒక తండ్రి ఏ కూలి మాటను నోట్లోనే ఆపేశాడో, రెండో తండ్రి సరిగ్గా ఆ కూలినే ఇచ్చాడు. ఏది ఎక్కువ ప్రేమ అని నన్నడిగితే చెప్పలేను. మాసిన బట్టలు కట్టుకున్న తండ్రిని తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. నా స్నేహితురాలికి పరిగెత్తిన తండ్రే కావాలి. మనిషి ఎలా మారతాడన్న దగ్గర ఈ రెండూ వేరువేరు నమ్మకాలు. ఒకదానిలో ముందు కౌగిలి, మార్పు తర్వాత. రెండోదానిలో ముందు మార్పు, దానికి కావలసినంత ఓపిక. బౌద్ధంలోనే జపాన్ ఆచార్యుడు షిన్‌రాన్ లాంటివాళ్లు, అమితాభ బుద్ధుడి దయ మీదే భారం వెయ్యాలని చెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర ఈ గీత పలుచబడుతుంది. చెరిగిపోదు.

ఈ తేడాల్ని ఒప్పుకుంటూ దగ్గరైన మనిషి నాకు చరిత్రలో ఒకరు కనిపించారు. ఇప్పోలితో దెసిదేరి అనే ఇటలీ జెస్యూట్ ఫాదర్ 1716లో టిబెట్‌లోని లాసా చేరాడు. అక్కడి మఠాల్లో భిక్షువుల మధ్య కూర్చుని టిబెటన్ నేర్చుకుని, గ్రంథాలు చదివి, టిబెటన్ భాషలోనే వాదగ్రంథాలు రాశాడు. తన మతానికి అడ్డంగా ఉన్నవి రెండని తేల్చాడు, పునర్జన్మ, శూన్యత. మూడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గురి తప్పలేదు. వాళ్లను మార్చడానికే వెళ్లాడు, ఆ ఉద్దేశం నాకు నచ్చదు. కానీ ఎదుటివాడి మతాన్ని అంత శ్రద్ధగా చదివి, కాదని చెప్పడం కూడా ఒక గౌరవమే. దలైలామా క్రైస్తవులతో మాట్లాడుతూ టిబెట్ సామెత ఒకటి చెప్పారు, గొర్రె మొండేనికి జడలబర్రె తల పెట్టొద్దని.

బౌద్ధం సైన్సుకు దగ్గర, క్రైస్తవానికి దూరం అని లోకంలో మాట. సిద్ధాంతాల పట్టిక రాస్తే అలాగే కనిపిస్తుంది. పని దగ్గర చూస్తే నాకు తిరగబడి కనిపిస్తోంది. సైన్సు నన్ను మారమని అడగదు. ప్రోటాన్ ఆయుష్షు కొలవడానికి నేను కోపం తగ్గించుకోనక్కర్లేదు. బుద్ధుడూ యేసూ మాత్రం ముందు ఆ కోపం మీదే చెయ్యి వేస్తారు. దొంగలు పట్టుకుని రెండు వైపులా పిడి ఉన్న రంపంతో అవయవాలు కోస్తున్నా వాళ్ల మీద ద్వేషం పెట్టుకున్నవాడు నా మాట పాటించినవాడు కాదంటాడు బుద్ధుడు. మీ శత్రువుల్ని ప్రేమించండి, మిమ్మల్ని హింసించేవాళ్ల కోసం ప్రార్థన చెయ్యండి అంటాడు యేసు. ఇంత కష్టమైన పని ఏ ల్యాబ్ నాకు ఎప్పుడూ అప్పజెప్పలేదు. మనిషికి బాణం తగిలిందని, అది తియ్యాలని ఇద్దరూ అన్నారు. బాణం ఏమిటో, తీసే చెయ్యి ఎవరిదో అన్న దగ్గర విడిపోయారు.

పాపకు ఐదో నెలలో ఆపరేషన్ అయింది. పొద్దున ఏడింటికి లోపలికి తీసుకెళ్లారు. వరండాలో గోడవారగా రెండు కుర్చీలు. ఆమె జపమాల తీసుకుంది. నేను కళ్లు మూసుకుని ఊపిరిని చూస్తూ కూర్చున్నాను, కాసేపటికి ఊపిరి వదిలేసి పాపనే తలుచుకున్నాను. పాప సుఖంగా ఉండాలి, పాప గుండె నెమ్మదిగా ఉండాలి, అంతే, మళ్లీ మళ్లీ. లోపల యంత్రం రక్తాన్ని తిప్పుతోంది, ఎవరో కంతకు ప్యాచ్ వేసి కుడుతున్నారు. నాలుగు గంటలు దాటాక సర్జన్ బయటికొచ్చి మాస్కు కిందికి లాగి, గోడ మూసుకుంది, గుండె తనంతట తానే కొట్టుకుంటోంది అన్నారు. ఆయన వెళ్లాక ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఇంతసేపూ ఎవరికి చెప్పుకున్నావే?"

"ఎవరికీ చెప్పుకోలేదు. పాపనే తలుచుకుంటూ కూర్చున్నాను."

"పర్లేదు, నీ తరఫున కూడా నేను చెప్పానులే" అని జపమాల సంచిలో పెట్టుకుంది.